కొప్పు నుంచి చూరు దాకా

వానలకు ముందు కోనసీమ పెంకుటిళ్ల కప్పు శుభ్రం చేయడానికెక్కే పనివాడి గొప్పతనం కింద నిలబడి చూసేవాళ్లకు సగమే తెలుస్తుంది. పైకెక్కగానే అతను ముందు వేలితో రుద్ది చూస్తాడు. పచ్చగా, జిగటగా అంటుకుంటే పాచి. పెంకు మీద పెంకు ఎక్కే చోట మెత్తగా గుబురుకట్టి ఉంటే నాచు. ఎండలో నల్లగా ఉండి, తడిస్తే పచ్చబడేది చాలాసార్లు నీలి ఆకుపచ్చ శైవలం. దాన్ని పొగమరక అనుకుని పైన సున్నం కొట్టించే ఘనులూ ఉన్నారు!

నాచుకు నిజమైన వేళ్లుండవు, నూలుపోగుల్లాంటి తంతువులతో పట్టుకుంటుంది. కానీ అది పీల్చుకున్న నీరు సందుల్లో నిలిచి, మెల్లగా వాసాలకు చేరుతుంది. వాసం పుచ్చితే కప్పు కుంగుతుంది.

అందుకే రోహిణి కార్తె ఎండలే ఈ పనికి అదను. ఎండిన నాచు కొబ్బరిపీచుతో రుద్దితే పొలుసులుగా రాలుతుంది. మంచి పనివాడు ఇనుప బ్రష్షు ముట్టడు. పెంకు గీసుకుపోయి గరుకుబడితే పాచి అక్కడే మళ్లీ పడుతుంది. కొప్పు నుంచి చూరుకు దిగుతూ, కింద పట్టె ఉన్న చోటే అడుగేస్తాడు. నన్నడిగితే ఆ అడుగే అసలు విద్య, రుద్దడం ఎవరైనా నేర్చుకుంటారు.

పెంకుటిల్లు కాక డాబా అయితే, దాని మీది నల్లమరకకు బ్లీచింగ్ పౌడరు నీళ్లు పనికొస్తాయి. అందులో యాసిడ్ మాత్రం కలపకండి, క్లోరిన్ విషవాయువు పుడుతుంది. ఈసారి పనివాణ్ణి పిలిస్తే నడుముకు తాడు మీరే కట్టించండి, కూలి దగ్గర బేరమాడకండి.