ఒక నియమం, ఐదు సూత్రాలు

నిజామాబాద్ జిల్లా బాల్కొండ మహిళా సంఘాలకు పంచసూత్రాలున్నాయి: వేళకు కూర్చోవడం, వేళకు పొదుపు చేయడం, ఆ పొదుపులోంచి తమలో తాము అప్పులిచ్చుకోవడం, తీసుకున్నది వేళకు కట్టడం, ప్రతిదీ పుస్తకంలో రాసుకోవడం. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, మాడిసన్ నగరం పక్కన, హోలీ విజ్డమ్ మోనాస్టరీ అనే స్త్రీల మఠం ఉంది. దానికీ ఒక నియమావళి ఉంది. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ రాసిన 73 అధ్యాయాల పుస్తకం అది. ఒకటి బ్యాంకు మెట్లెక్కే దారి చూపితే, మరొకటి దేవుణ్ణి వెతికే దారి చూపుతుంది. అయినా రెండూ తలకెత్తుకున్న సమస్య ఒకటే. ఒక కడుపున పుట్టని కొద్దిమంది ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఒకరితో ఒకరు విసిగిపోకుండా, విడిపోకుండా ఎలా కలిసి ఉండాలి?

సంఘం కథ మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. 1980లలో డ్వాక్రాగా మొదలై, 1992లో నాబార్డు బ్యాంకు లింకేజీతో ఊపందుకుని, వెలుగు, ఇందిరా క్రాంతి పథం పేర్లు దాటి వచ్చింది. పది పదిహేను మంది ఒక సంఘం, సంఘాలన్నీ కలిసి గ్రామ సంఘం, ఆపైన మండల సమాఖ్య. మఠం కథ మాత్రం కొంచెం విడమరచి చెప్పాలి. 1953లో సూ సిటీ నుంచి కొందరు కాథలిక్ బెనెడిక్టైన్ సిస్టర్లు మాడిసన్ వచ్చి ఆడపిల్లలకు హైస్కూలు పెట్టారు. 1966లో స్కూలు మూతపడితే, ఆ ఆవరణను అన్ని క్రైస్తవ శాఖల వాళ్లూ వచ్చి ధ్యానం చేసుకునే కేంద్రంగా మార్చారు. అతిథులుగా వచ్చిన వాళ్లలో కొందరికి అక్కడే ఉండిపోవాలనిపించింది. ప్రెస్బిటేరియన్ పాస్టరు అయిన ఒకావిడ తన శాఖను వదలకుండానే మఠంలో చేరారు. అలాంటి వాళ్లను సమానులుగా నిలుపుకోవడానికి 2006లో ఆ సిస్టర్లు రోము కింద తమకున్న అధికారిక హోదాను వదులుకుని, ఏ ఒక్క శాఖకూ చెందని బెనెడిక్టైన్ సమాజంగా ఏర్పడ్డారు. హోదా పోయింది, నియమం ఉంది. ఒక కొత్త మనిషిని లోపలికి పిలవడానికి పాతవాళ్లు ఇంత వదులుకున్న సందర్భాలు మఠాల చరిత్రలో అరుదు.

ముందుగా రోజువారీ సంగతి చూద్దాం. బెనెడిక్ట్ రోజును పగలు ఏడు ప్రార్థనలుగా, రాత్రి ఒక ప్రార్థనగా పంచాడు. హోలీ విజ్డమ్ సిస్టర్లు వాటిని తగ్గించుకున్నారు కానీ తీరు మార్చలేదు. వేళ కాగానే చేతిలో పని ఎక్కడిదక్కడ ఆపి కీర్తనలకు కూడుతారు. బాల్కొండ ఆడవాళ్ల రోజు అయితే పిల్లల బడి, బర్రెల పాలు, పొలం కూలి, బీడీల లెక్క చెప్పినట్టు నడుస్తుంది. జూన్‌లో పెట్టిన పసుపును జనవరి నుంచి తవ్వుతారు. మండలూ కొమ్ములూ వేరుచేయడం, ఉడకబెట్టడం, కళ్లంలో ఆరబోయడం, పాలిష్ పట్టడం, సరుకు నిజామాబాద్ యార్డుకు చేరడం: ఈ వరుసలో సగం పని ఆడవాళ్ల చేతుల మీదే వెళ్లిపోతుంది. ఆ రోజుల్లో మీటింగు రాత్రి అన్నాలయ్యాక పెట్టుకోవాల్సి వస్తుంది. మఠంలో వేళకు పని తలవంచుతుంది, సంఘంలో పనికి వేళ తలవంచుతుంది. అయినా ఇక్కడి మీటింగు కూడా ఆడమనిషి తన ఇంటి గడప దాటి, తన పేరుతో, తన చోట కూర్చునే గంట. ఆ గంట ఎవరి దయవల్లా దొరకలేదు. సూత్రం ఉంది కాబట్టి దొరికింది.

మాట విషయంలో ఈ రెండు సమాజాలూ ఎంత దగ్గరో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ముఖ్యమైన సంగతి వస్తే మఠాధిపతి అందర్నీ పిలిచి అడగాలంటాడు బెనెడిక్ట్ మూడో అధ్యాయంలో. చిన్నవాళ్లకు తోచింది పెద్దవాళ్లకు తోచకపోవచ్చు కాబట్టి వాళ్లనీ అడగాలంటాడు. మఠంలో వరుస కూడా వయసును బట్టి కాదు, చేరిన రోజును బట్టి. సంఘంలోనూ చాప మీద గుండ్రంగా కూర్చుంటారు. నిన్నగాక మొన్న కోడలిగా వచ్చిన పిల్లా, ఆమె అత్త వయసు మనిషీ ఒకే తీర్మానం కింద సంతకం పెడతారు. అక్కా, వదినా, చిన్నమ్మా అనే పిలుపులు చాప మీదా ఉంటాయి, కానీ వాటి బరువు పొదుపు లెక్క మీద పడదు. తేడా ఆ తర్వాత వస్తుంది. బెనెడిక్ట్ దగ్గర అందరి మాటా విన్నాక చివరి నిర్ణయం మఠాధిపతిది, మిగతావాళ్లది విధేయత. సంఘంలో లీడర్లు మారుతుంటారు, తీర్మానం అందరిదీ. విధేయతను పాటించడానికి లొంగుబాటు కాని ఓపిక కావాలి. తీర్మానాన్ని నిలబెట్టుకోవడానికి గట్టిగా అడగగలిగే గొంతు కావాలి. రెండూ నేర్చుకుంటేనే వస్తాయి.

పని దగ్గరికి వస్తే మఠం నాకు బాగా నచ్చుతుంది. ఊరికే కూర్చోవడం ఆత్మకు శత్రువన్నాడు బెనెడిక్ట్. కొన్ని గంటలు చేతిపని, కొన్ని గంటలు చదువు అని విధించాడు. వంట వంతులవారీగా చేయాలన్నాడు. వారం చివర వంతు దిగే మనిషి తువాళ్లు ఉతికి, పాత్రలు శుభ్రంగా అప్పజెప్పాలి. మఠంలోని గిన్నెల్నీ పనిముట్లనీ బలిపీఠం మీది పాత్రల్లా చూడాలని భాండాగారం చూసే మనిషికి ప్రత్యేకంగా చెప్పాడు. హోలీ విజ్డమ్ సిస్టర్లు ఈ మాటను నేలకూ వర్తింపజేశారు. ఒకప్పుడు సాగుచేసిన వంద ఎకరాలకు పైగా భూమిని తిరిగి ఆ ప్రాంతపు సహజమైన గడ్డిమైదానంగా మార్చారు. పాత కట్టడాన్ని విప్పి, సామగ్రిలో దాదాపు అంతా మళ్లీ వాడకానికి పంపి, తక్కువ కరెంటుతో నడిచే కొత్త మఠం కట్టుకున్నారు. చేతిలో ఉన్న ప్రతి వస్తువుకూ జవాబు చెప్పాలన్న పాత నియమం వాళ్ల చేతుల్లో ఇలా కొత్తగా పనిచేసింది.

అలాగే బాల్కొండ వాకిట్లో పని చూసిన వాళ్లకు మరో సౌందర్యం తెలుస్తుంది. నలుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. కత్తిరించిన తునికాకులో తంబాకు వేసి, చుట్టి, దారం కట్టేస్తూనే ఊరి కబుర్లన్నీ చెప్పుకుంటారు. మఠంలో పని చుట్టూ మౌనం ఉంటే, ఇక్కడ పని చుట్టూ మాట ఉంటుంది. అక్కడి మౌనం మనిషిని లోపలికి తీసుకుపోతుంది. ఇక్కడి మాటల్లో ఎవరింట్లో జ్వరమో, ఎవరి బిడ్డకు ఫీజు కట్టాలో బయటపడుతుంది, రేపటి అప్పు తీర్మానం ఆ కబుర్లలోనే పుడుతుంది. కానీ సిస్టరు తన పనికి తానే యజమాని. బీడీ చుట్టే ఆడమనిషికి వెయ్యి బీడీల లెక్కన కూలి. రేటు ఆమె చేతిలో లేదు, తంబాకు ఘాటు మాత్రం ఆమె ఊపిరితిత్తుల్లో ఉంది. ఈ రెండు పనుల్నీ పోల్చేటప్పుడు ఈ అసమానతను మరచిపోతే ఆ పోలికకు అర్థం ఉండదు.

ఆస్తి దగ్గర దారులు పూర్తిగా విడిపోతాయి. మఠంలో ఎవరికీ సొంతమంటూ ఉండకూడదు, అన్నీ అందరివీ, అవసరాన్ని బట్టే పంపకం. తక్కువ అవసరమున్నవాళ్లు దిగులుపడకుండా కృతజ్ఞతతో ఉండాలి, ఎక్కువ అవసరమున్నవాళ్లు గర్వపడకుండా వినయంతో ఉండాలి. సంఘం పుట్టిందే అప్పటిదాకా సొంతమంటూ ఏమీ లేని వాళ్లకు సొంతం కల్పించడానికి. ఒకరు వదిలేసి స్వేచ్ఛ పొందితే, మరొకరు కూడబెట్టుకుని స్వేచ్ఛ పొందుతారు. అయితే ఇద్దరి దగ్గరా సొమ్ముకు ఒకరి పూచీ మరొకరిది. ఒకామె వాయిదా తప్పితే సంఘం మొత్తానికి బ్యాంకు తలుపు మూసుకుంటుంది. ఈ ఉమ్మడి పూచీ భారమే, కొన్నిసార్లు క్రూరమైన భారం కూడా. కానీ పక్కింటావిడ కష్టం తన కష్టమని నీతిపాఠంతో కాక లెక్కతో నేర్పింది అదే.

వేర్వేరు శాఖల వాళ్లు ఒకచోట చేరడం మన జిల్లాకు కొత్తేమీ కాదు. నిజామాబాద్ క్రైస్తవుల్లో చాలామంది మెదక్ డయాసిస్ వాళ్లు. వాళ్ల చర్చి ఆఫ్ సౌత్ ఇండియా 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిస్తే ఏర్పడింది. ఆ ఐక్య చర్చిలోనే 1952లో స్త్రీల సన్యాస సమాజం మొదలైంది. దాన్ని ముందుండి నడిపిన సిస్టర్ కరోల్ గ్రాహం మన డోర్నకల్ బిషప్ అజరయ్య జీవిత చరిత్ర రాసినావిడే. మఠంలో తేడా వేదాంతానిది, సంఘంలో తేడా కులానిదీ మతానిదీ. సంఘాలు చాలాచోట్ల వాడల వారీగానే పుడతాయి. గ్రామ సంఘం మీటింగులో మాత్రం అన్ని వాడల లీడర్లూ, ముస్లిం అక్కలతో సహా, ఒకే చాప మీదికి రావాల్సిందే. సిస్టర్ల మధ్య బల్ల ఒకటైంది, విశ్వాసాల తేడాలు మిగిలాయి. ఇక్కడ చాప ఒకటైంది, బావులూ బంధుత్వాలూ ఇంకా ఒకటి కాలేదు. రెండు చోట్లా కలయిక మనసులో మొదలు కాలేదు. కలిసి కూర్చునే వేళ ముందు వచ్చింది, మనసులు నెమ్మదిగా వెనక వస్తున్నాయి.

రెంటికీ ఇప్పుడు ఆపద ఉంది, కానీ అది ఎదురెదురు దిక్కుల నుంచి వస్తోంది. హోలీ విజ్డమ్‌లో నియమం గట్టిగా ఉంది, మనుషులే కొద్దిమంది. అందుకే ఇళ్లలో సంసారాలు చేసుకుంటూనే బెనెడిక్ట్ బాట పట్టే ఓబ్లేట్లకూ, ఆదివారం ఆరాధనకు వచ్చే అన్ని శాఖల వాళ్లకూ తలుపులు తెరిచింది. మన సంఘాల్లో మనుషులకు కొదవ లేదు, పలచబడుతున్నది నియమమే. లింకేజీ సంతకాల కోసమే గుమిగూడి, కూర్చోకుండానే తీర్మానం రాసే చోట పంచసూత్రాల్లో మొదటిది పోయినట్టే. మొదటిది పోతే మిగతా నాలుగూ బ్యాంకు కాగితాలే.

కాబట్టి నేను ఏ పక్షమూ చేరను, కానీ రెండు పక్షాలకూ చెప్పదలచిన మాట ఒకటుంది. మఠం సంఘం నుంచి నేర్చుకోవలసింది, ఇల్లు వదలని ఆడవాళ్లు కూడా ఒక నియమాన్ని నిండుగా బతికించగలరని. సంఘం మఠం నుంచి నేర్చుకోవలసింది, ఏ అప్పూ లేని రోజున కూడా కలిసి కూర్చోవడానికి విలువ ఉందని. రుణం తీరిపోయిన సంఘం ఆ మరుసటి వారం కూడా చాప పరిచిందంటే, అది పథకం దాటి సమాజమైనట్టే.