చంద్రగిరిసీమకవులు – మృత్యుభావన

చంద్రగిరిదుర్గము సాళువ నరసింహరాయని యేలుబడి నున్న కాలమున, దానికిఁ జేరువనున్న తిరుమలపై తాళ్లపాక అన్నమాచార్యుఁడు (1408–1503) సంకీర్తనములు రచించెను. ఆ దుర్గపరిసరములఁ బాఱు స్వర్ణముఖి తూర్పునకు సాగి శ్రీకాళహస్తిఁ జేరును. అచ్చటి దేవుని ధూర్జటి పదునాఱవ శతాబ్దమున శతకముచేతను బ్రబంధముచేతను గొలిచెను. ఈ యిరువురును మృత్యువును దలఁచినవారే. అంతమాత్రమున వీరి రచనల నన్నింటిని వైరాగ్యకవిత్వమను నొక్క పేరఁ జేర్చి విడుచుట తగదు. విషయ మొక్కటియైనను, దానిని జూపు కల్పనము వేఱైనచో భావమును వేఱగును.

బ్రదుకును నాటకముగా భావించిన ప్రసిద్ధసంకీర్తనమున అన్నమాచార్యుఁడు పుట్టుటయుఁ బోవుటయు నిజమనియు, నడుమ జరుగు పనియే నాటకమనియు నిర్ణయించెను. చావుపుట్టువులు మిథ్య యనుట వేదాంతుల వాడుక. ఈతఁ డా క్రమమును దాఱుమాఱు చేసెను. తినెడి యన్నమును, కట్టెడి కోకయు నాటకములోనివే. పుణ్యపాపములు ఒడిని గట్టుకొన్న మూటలు. వానిని గడవి పొలిమేర దాఁటుటయే కైవల్యము. ఇందు యముఁడు లేఁడు, పాశము లేదు. ఒడియుఁ బొలిమేరయు పల్లెవాని యెఱుకలోని వస్తువులు. కావున నీ పాట వినువానికి భయము పుట్టదు. ప్రయాణమునకు మూట తేలిక చేసికొనవలెనను తలఁపు పుట్టును.

ధూర్జటి శతకమున స్థితి వేఱు. పండ్లూడకముందే, మేని పటుత్వము తగ్గకముందే, కాంతలు రోయకముందే, కురులు నెఱయకముందే శివపదములఁ జింతింపవలెనను పద్యము పండితుల కెల్లరకుఁ బరిచితమే. ఇది భర్తృహరి వైరాగ్యశతకశ్లోకమునకు ఛాయ యని కొంద ఱాక్షేపింపవచ్చును. దేహము స్వస్థముగ నున్నప్పుడే, జర దూరముగ నున్నప్పుడే యాత్మశ్రేయమునకై యత్నింపవలెనని భర్తృహరియుఁ జెప్పెను. కాని యాతఁడు తుదిని, ఇల్లంటుకొన్నపిమ్మట నుయ్యి త్రవ్వువాని పోలికఁ దెచ్చి బుద్ధి గఱపెను. ధూర్జటి యా పోలికను విడిచెను. ఆయన పద్యమున నుపమానముండవలసిన చోట పండ్లు, కురులు, మేను అను ప్రత్యక్షచిహ్నములే నిలిచినవి. ఒకే కాలవాచకము పాదపాదమున మరలి వచ్చి, గడువు తీఱుచున్న తొందరను జెవికిఁ దెలుపును. శిథిలమగు నవయవములను వరుసగా లెక్కించి, తుదకుఁ బద్మమువంటి యడుగులను జూపుటలోనే యాతని శిల్పమున్నది. భర్తృహరి హితము చెప్పెను. ధూర్జటి శరణు వేఁడెను.

ఇక నదే కవి శ్రీకాళహస్తీశ్వరమాహాత్మ్యమును జూడవలెను. తన గూఁటిని గాల్చిన దీపమును సాలెపురుగు మ్రింగఁబోవును. పాము మణులతోను, ఏనుఁగు పత్రపుష్పజలములతోను గొలుచుచు, ఒకదాని పూజను రెండవది యపచారముగా నెంచును. పాము తొండమునఁ జొరఁగా నేనుఁగు తల మోఁదికొని, రెండును నశించును. శతకమున మృత్యువు పూజకు గడువు పెట్టినది. ఇచటనో పూజలోనుండియే పుట్టినది. మాత్సర్యముచేఁ జచ్చినవానికిని సాయుజ్యమే లభించుటచే, మరణకారణముకంటె మరణాభిముఖమైన భక్తియే కవికిఁ బ్రమాణమని తెలియుచున్నది. శ్రీ, కాళ, హస్తి యను మూఁడు పేళ్లును గలిసి క్షేత్రనామమై నిలిచినవి. తెలియక యా యూరి పేరు పలుకువాఁడును మూఁడు మరణములను స్మరించుచునే యున్నాఁడు.

పొలిమేర, గడువు, నైవేద్యము – ఇరువురు కవులలో మృత్యువు మూఁడు రూపములఁ దాల్చెను. వానిలో రెండు ఒక్క ధూర్జటివే యగుట గమనింపఁదగినది. కావున మరణవిషయకపద్యమును బోధించు పండితుఁడు సంసార మసారమని తాత్పర్యము చెప్పి ముగింపరాదు. కవి మృత్యువును దేనితోఁ బోల్చెను, ఏ పోలికను బరిహరించెను అని విచారింపవలెను. అట్లు విచారింపనిచో ధూర్జటి భర్తృహరికి ననువాదకుఁడుగను, అన్నమాచార్యుఁడు వేదాంతమునకు వ్యాఖ్యాతగను మాత్రమే మిగులుదురు.