సంచి బరువు, కొండ లెక్క

మా వీధి చివరింటి కుర్రాడు ఉక్కు కర్మాగారంలో కొత్తగా చేరాడు. ఈ వారం హుషారుగా వచ్చి చెప్పాడు: "బాబాయ్, శనివారం రాత్రికి పాడేరు పైన కొండ మీద గుడిసె మాట్లాడేశాం. ఒక్క ఫోనుతో అయిపోయింది. ఏమీ పట్టుకెళ్లక్కర్లేదంట, అన్నీ అక్కడే ఉంటాయంట."

నాకు సంతోషమేసింది. సంచి బరువు మీద నా పంతం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. కార్తీకం వస్తే చాలు, మడత కుర్చీలూ స్పీకర్లూ మోసుకుంటూ కొండెక్కే జనాన్ని చూసి ఏటా ఇక్కడే వాపోతుంటాను. ఎక్కుడు దారిలో ప్రతి కిలోకీ మోకాళ్లు లెక్క చెబుతాయి. అలాంటిది ఒక కుర్రాడు ఖాళీ చేతులతో బయల్దేరతానంటే మెచ్చుకోనా!

కానీ వాడు వెళ్లిపోయాక ఆ ఆఖరి మాట నన్ను వదల్లేదు. అన్నీ అక్కడే ఉంటాయి. అక్కడికి ఎలా వచ్చి ఉంటాయి?

ఒకసారి మేమూ కొందరం కలిసి అలాంటి గుడిసెకే వెళ్లాం. పాడేరు దగ్గరి వంజంగి పేరు ఇంకా అందరి ఫోన్లలోకీ ఎక్కని రోజులవి. విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో చీకటితోనే బస్సెక్కాం. చోడవరం దాటి, మాడుగులలో హల్వా కట్టించుకుని, ఘాట్‌లో అమ్మవారి పాదాల దగ్గర దణ్ణం పెట్టుకుని పాడేరు చేరాం. అక్కణ్ణుంచి కొంత జీపు, మిగతాది నడక. దారి పొడుగునా వలిసె చేలు పచ్చగా పూసి ఉన్నాయి. గుడిసెకి మట్టి గోడలు, గడ్డి కప్పు, వెదురు తడక తలుపు, మధ్యలో పొయ్యి. చేరగానే మాలో ఇద్దరు ముగ్గురు స్నానానికి వేణ్నీళ్లు అడిగారు. ఇంటావిడ మారు మాట్లాడకుండా కూతురితో కలిసి బిందెలు తీసుకుని బయల్దేరింది.

మా జట్టులో బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. "గెడ్డ ఎంత దూరమమ్మా?" అని అడిగారాయన. "ఇక్కడే బాబూ" అందావిడ. ఆయన మూడో బిందె ఎత్తుకుని వెనకాలే దిగారు. తిరిగొచ్చేసరికి పొద్దు వాలిపోయింది. ఆయన రొప్పుతున్నారు, ఆ పిల్ల మాత్రం అప్పుడే ఖాళీ చేసిన బిందెతో మళ్లీ దిగుతోంది. రాత్రి నెగడు దగ్గర ఆయన లెక్క మొదలుపెట్టారు. లీటరు నీళ్లంటే కిలో బరువు. తాగడానికీ వంటకీ గిన్నెలకీ ఇంత, స్నానానికి మనిషికో బకెట్టు చొప్పున ఇంత. "ఫర్నేస్‌లో ఖనిజం, కోకు, సున్నపురాయి తూచి వేశాకే ఇనుము మాట ఎత్తుతాం. ఇక్కడ ఎవరం ఏదీ తూచలేదు" అన్నారు. మర్నాడు స్నానం మాట ఎవరూ ఎత్తలేదు. చెంబుడు నీళ్లతో మొహాలు కడుక్కున్నాం.

ఇన్నేళ్లుగా నేను రాసిన తేలిక సంచికి ఆ పెద్దాయన లెక్కే సరైన జవాబు. నేను వదిలేసిన బరువు కొండ కిందే ఉండిపోదు. ఇంకెవరి నెత్తి మీదో ఎక్కి వస్తుంది. స్పీకర్లు వద్దని ఇప్పటికీ అంటాను. దుప్పటి, బియ్యం, పప్పు, తాగే నీళ్లు మాత్రం మోసుకెళ్లాల్సిందే.

దుప్పటి సంగతే చూడండి. వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. దానికి తోడు మబ్బులేని శీతాకాలపు రాత్రి నేల త్వరగా చల్లారుతుంది, దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, లోయలోకి జారుతుంది. తెల్లారి మనం శిఖరం మీంచి చూసి మురిసిపోయే మంచు అలా లోయలో నిండిందే. గుడిసె లోయ అడుగునుంటే, పైన వాలులో ఉన్నదానికన్నా చలి ఎక్కువ కావచ్చు. అందుకే గుడిసె ఎక్కడుందో ముందే అడగాలి. దుప్పటి లేకుండా వెళ్లిన అతిథికి ఆ ఇంటివాళ్లు తమ దుప్పటే ఇస్తారు. ఇచ్చి, పిల్లల్ని పొయ్యి పక్కన పడుకోబెడతారు.

చీకటి పడకముందే చేరేలా బయల్దేరాలి. డిసెంబరులో మన దగ్గర ఐదున్నరకల్లా పొద్దుగూకుతుంది, కొండ నీడలో ఇంకా ముందే. ఏజెన్సీలో మలేరియా ఉంది కాబట్టి దోమతెర మరవకూడదు. అక్కడ చెత్త బండి రాదు. కాబట్టి తాగేసిన సీసాలు, చిరుతిళ్ల కవర్లు మనతోపాటే దిగాలి. ఆ కొండల అవతలి బైలదిల్లా ఖనిజాన్ని 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను మీద దించుకుని ఎదిగిన ఊరు మనది. తిరిగి ఆ కొండలకి ప్లాస్టిక్ పంపడం నాకు మింగుడుపడదు.

గుడిసె ఎవరిదో కూడా అడగండి. అక్కడి భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1/70 చట్టం అడ్డుగా ఉంది. బొర్రా, అనంతగిరి గనుల లీజుల మీద సాగిన సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు భూమి లీజుకివ్వకూడదంది. నిలబెట్టుకున్న ఆ నేల మీద రాత్రి బస డబ్బు ఊరివాళ్లకే దక్కాలి. నీళ్లకెంత, కట్టెలకెంత, వంటకెంత అని విడివిడిగా ముందే మాట్లాడుకోండి. నీళ్ల డబ్బు ఫోనెత్తిన మనిషికి పంపకండి, బిందె మోసినావిడ చేతికే ఇవ్వండి.