పాత కుట్టు

మా వదిన చేతిలో ప్లాస్టిక్ సంచి నిండా కాగితాలు. ఆరేళ్ళ రిపోర్టులు, స్కానింగులు, మందుల చీటీలు అన్నీ వరసగా పిన్ను కొట్టి తెచ్చింది. తిరుపతిలో మేం కలిసిన సర్జన్ వాటన్నిటినీ పక్కన పెట్టి ఒక్క కాగితం అడిగారు. డిశ్చార్జి చీటీ కాదు, మొదటి ఆపరేషన్ చేసినవాళ్ళు థియేటర్లోంచి బయటికొచ్చి రాసుకున్న నోట్సు. ఏ సైజు గొట్టం ఆనవాలుగా పెట్టుకుని కోశారు, ఎన్నిసార్లు స్టేప్లర్ వాడారు, పిన్నుల క్యాట్రిడ్జి ఏ రంగుది, కోత ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపారు. అదృష్టం కొద్దీ సంచి అడుగున ఆ కాగితం దొరికింది. ఆయన దాన్ని చదివిన తీరు చూసి నాకు చిత్తూరులో వదిన బ్లౌజులు కుట్టే టైలరు గుర్తొచ్చాడు.

ఆరేళ్ళలో ఆ టైలరు వదిన బ్లౌజుల్ని రెండుసార్లు విప్పాడు. 112 కిలోల మనిషి 74 కి దిగినప్పుడు లోపలికి పట్టాడు, 93 కి ఎక్కినప్పుడు మళ్ళీ వదిలాడు. రెండోసారి తీసుకెళ్ళినప్పుడు టేపు పట్టుకోలేదు, ముందు బ్లౌజును తిరగేశాడు. లోపల ఎంత గుడ్డ ఉంది, దారం ఎక్కడ బిగిసింది, సూది రంధ్రాలకు గుడ్డ ఎక్కడ చివికింది అని చూశాడు. కొత్తది కుట్టే పనిలో గుడ్డ మన మాట వింటుంది. ఆల్టరేషన్లో పాత చెయ్యి చెప్పింది మనం వినాలి. బరువు తగ్గడానికి ఒకసారి ఆపరేషన్ చేయించుకుని, మళ్ళీ లావెక్కినవాళ్ళకు చేసే రెండో ఆపరేషన్ కూడా ఈ జాతి పనే. కాకపోతే గుడ్డ చిరిగితే ఇంకో గుడ్డ కొనొచ్చు.

ఊళ్ళో మాట వేరే ఉంటుంది. "అంత దుడ్డు పెట్టి కోయించుకున్నా మళ్ళా లావయిందే!" అని పెళ్ళిళ్ళలో వదిన వెనకాల అనుకున్నవాళ్ళున్నారు. ముందరే అన్నవాళ్ళూ ఉన్నారు. ఆపరేషన్ ఫెయిలయిందనో, మనిషి నోరు కట్టుకోలేదనో రెండే తీర్పులు. ఈ డాక్టరు మాత్రం నోట్సు చదివి, "మొదట చేసినవాళ్ళ పని శుభ్రంగా ఉందమ్మా" అన్నారు. మరొకరి పనిని విప్పబోయే పనివాడు ముందుగా అనాల్సిన మాట అది. మన దగ్గర మేస్త్రీ నుంచి మెకానిక్ దాకా ఎవరూ అనరు.

వదినకు జరిగింది స్లీవ్. జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా నిలువునా కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంలా వదులుతారు. నోటి గుండా 36 నుంచి 40 నంబరు దాకా ఒక గొట్టం దింపి, దాని అంచు వెంబడి కోస్తారు. 36 నంబరంటే 12 మిల్లీమీటర్ల మందం. గ్రెలిన్ అనే ఆకలి హార్మోను ఎక్కువగా ఊరేది జీర్ణాశయం పైన గోపురంలా ఉబ్బే భాగంలో. అది పోవడంతో మొదట్లో ఆకలే తెలియదు. వదిన మొదటి ఏడాది రాగి సంగటి ముద్దలో పావు వంతు తినలేక వదిలేసేది. 175 గ్రాముల తిరుమల లడ్డు ఆ ఇంట్లో వారం వచ్చేది.

ఈ స్లీవ్ గురించి చాలామందికి తెలియని సంగతొకటుంది. మొదట్లో ఇది పూర్తి ఆపరేషనే కాదు. 2000 ప్రాంతంలో న్యూయార్కులో మిషెల్ గాన్యే బృందం మరీ భారీ శరీరాలకు పెద్ద ఆపరేషన్ ఒకే దఫాలో చేస్తే ప్రాణానికి ముప్పని, దాన్ని రెండు విడతలు చేసింది. జీర్ణాశయాన్ని సన్నం చేయడం మొదటి విడత, కొంత బరువు తగ్గాక పేగుల దారి మార్చడం రెండో విడత. తీరా మొదటి విడతకే కొందరు బాగా తగ్గారు, రెండో దానికి రానేలేదు. అలా సగం పని పూర్తి పనిగా స్థిరపడింది. ఈ చరిత్ర తెలిస్తే రెండో ఆపరేషన్ అనే మాటలో సిగ్గుపడాల్సిందేమీ కనబడదు. డాక్టరు దీన్ని వదినకు ఓదార్పుగా చెప్పలేదు, పనికి సంబంధించిన సమాచారంగా చెప్పారు. ఓదార్పు కన్నా అదే ఆమెకు బాగా పనిచేసింది.

తర్వాత బేరియం ఎక్స్‌రే. సున్నం కలిపిన నీళ్ళలాంటి ద్రవం మింగుతుంటే తీసిన బొమ్మలు. వాటిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఆయన వెతికినవి మూడు. గొట్టం మొత్తంగా సాగిందా, నడుమ ఎక్కడైనా మెలిక పడి పైభాగం ఉబ్బిందా, మొదటిసారి పైన గోపురంలో కొంత మిగిలిపోయి అదే పెరిగిందా. ఒక్కోదానికి మరమ్మతు ఒక్కో రకం. వదినకు పైన కొద్దిపాటి ఉబ్బు ఉంది. "ఇంత చిన్నదాని మీద నెపం పెట్టి కోస్తే మీకు అన్యాయం చేసినట్టే" అన్నారు. ఎండోస్కోపీ మాత్రం ఇంకో కథ చెప్పింది: అన్నవాహిక కింది భాగం ఎర్రగా పుండ్లుపడి ఉంది. స్లీవ్ అయినవాళ్ళలో కొందరికి ఇది వస్తుంది. సన్నటి గొట్టంలో ఒత్తిడి ఎక్కువ, ఆమ్లం పైకి తంతుంది. రెండేళ్ళుగా వదిన మూడు దిండ్లు వేసుకుని పడుకుంటోంది. వయసనుకుంది, గ్యాసనుకుంది. బరువు కోసం వచ్చిన మనిషి ఫైల్లో బరువుకన్నా ముఖ్యమైన సంగతి అక్కడ బయటపడింది.

"ఏం తింటారు?" అని ఆయన అడగలేదు. "ఎలా తింటారు?" అన్నారు. వదిన తడబడింది. గట్టి తిండి నమిలి తింటే గొట్టం నిండుతుంది, నాలుగు ముద్దలకే చెయ్యి ఆగిపోతుంది. టీలో ముంచిన బిస్కెట్లు, బాదంపాలు, తోతాపురి రసం లాంటివి జారిపోతాయి, వాటికి గొట్టం అడ్డుపడదు. ఇది మనిషి బలహీనత అనడం కన్నా స్లీవ్ నిర్మాణంలోనే ఉన్న సందు అనడం న్యాయం. దానికి తోడు తగ్గిన శరీరం తక్కువ ఖర్చుతో బతకడం నేర్చుకుని, ఆకలిని పెంచి, పోయిన బరువును వెనక్కి లాగుతుంది. స్వీడన్లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనంలో పేగుల దారి మార్చే బైపాస్ చేయించుకున్నవాళ్ళు ఏడాది రెండేళ్ళకు సగటున 32 శాతం తగ్గి, పదేళ్ళకు 25 శాతం దగ్గర నిలబడ్డారు. జీర్ణాశయానికి పట్టీ బిగించుకున్నవాళ్ళు 20 నుంచి 14 కు వచ్చారు. అంటే కొంత వెనక్కి రావడం లెక్కలో ఉన్నదే. వదిన 34 శాతం తగ్గి 17 దగ్గరుంది. "సగం పోగొట్టుకున్నా" అని ఆమె లెక్క. "సగం నిలబెట్టుకున్నారు" అని ఆయన లెక్క. రెండూ ఒకే అంకెలు.

అప్పుడు ఆయన లాప్‌టాప్ తిప్పి ఒక వీడియో పెట్టారు. ఎవరి పొట్టో తెలియదు. పేరు లేదు, ముఖం లేదు. స్లీవ్‌ను బైపాస్‌గా మార్చే ఆపరేషన్, ఆయన చేసిందే. వదిన ఐదు నిమిషాలు చూసి కిటికీ వైపు తిరిగింది. నేను చివరిదాకా చూశాను.

మొదటి అరగంటలో జీర్ణాశయం మీద కోత అన్నదే లేదు. పాత జీర్ణాశయం కాలేయం అడుగున అతుక్కుపోయి ఉంది. రెండిటి మధ్య ఎక్కడో పీచుమిఠాయి పోగుల్లాంటి తెల్లటి పొర ఉంటుంది. దాన్ని పట్టుకోగలిగితే రక్తం రాకుండా రెండూ విడివడతాయి, గీత తప్పితే కాలేయం కారుతుంది, లేదా జీర్ణాశయం గోడ చిరుగుతుంది. ఎడమ చేతి పరికరం కణజాలాన్ని పైకి ఎత్తి పడుతోంది, లాగడం లేదు. ఆ తేడాను తెర మీద కూడా చూడొచ్చు: లాగితే కణజాలం తెల్లబడుతుంది, ఎత్తి పడితే పోగులు తమంతట తాము విచ్చుకుంటాయి. ఇక్కడ కరెంటు వేడితో కోసే పరికరాన్ని పక్కన పెట్టి మామూలు కత్తెర తీసుకున్నారు. వేడి తగిలిన గోడ ఆ రోజు బాగానే కనబడి నాలుగో రోజున చిల్లు పడొచ్చు. ఒక్కో కత్తిరింపు రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో. నడుమ నడుమ ఆగుతున్నారు. మొదట ఆ ఆగడాన్ని తటపటాయింపు అనుకున్నాను. కాసేపటికి తెలిసింది, ఆగిన ప్రతిసారీ పాత పిన్నుల వరస ఎటు పోతోందో చూసుకుంటున్నారు. ఎన్నేళ్ళ కిందటిదో టైటానియం, పొగమంచులో జరీ అంచులా మెరుస్తోంది.

ఆ వరసే మొత్తం పనికి గీటురాయి. కొత్త కోత పాత వరసను అడ్డంగా ఒకచోట దాటొచ్చు. పక్కపక్కనే సాగి నడుమ సన్నటి పట్టీ మిగిల్చిందంటే ఆ పట్టీకి రక్తం అందదు, కుళ్ళుతుంది. అందుకే ఆయన జీర్ణాశయాన్ని పైభాగంలో అడ్డంగా కోశారు. పైన మిగిలింది 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి, టీ కొట్టు గ్లాసులో మూడో వంతు. కింది భాగాన్ని తీసెయ్యరు, అక్కడే ఉంటుంది, తిండి మాత్రం అటు పోదు. స్టేప్లర్ దవడలు మూశాక వెంటనే నొక్కలేదు. పదిహేను సెకన్లు ఊరికే పట్టుకున్నారు. పాత ఆపరేషన్ అయిన గోడ మందంగా, ఉబ్బి ఉంటుంది. ఒత్తిడికి అందులోని నీరు పక్కకు జరిగితేనే పిన్ను కాళ్ళు సరిగా వంగుతాయి. ఆ తర్వాత నొక్కితే అటు మూడు, ఇటు మూడు వరసలు పడి, నడుమ కత్తి నడిచింది. క్యాట్రిడ్జి కూడా మందానికి తగ్గదే, నీలానికి బదులు ఆకుపచ్చ. స్టేప్లర్ బయటికి తీశాక కెమెరాను దగ్గరికి తెచ్చి ప్రతి పిన్నూ చూశారు.

తర్వాత పేగు కొలత. తిరుపతి వీధుల్లో మల్లెపూలు మూరతో కొలిచే అమ్మలు గుర్తొచ్చారు. దండ వదులుగా పట్టుకుంటే ఒక మూర, సాగదీస్తే అదే మూరకు పూలు తగ్గిపోతాయి. పేగు కూడా అంతే, సాగదీసి కొలిస్తే అంకె మారిపోతుంది. పరికరం మీద పది సెంటీమీటర్లకో గీత ఉంటుంది. రెండు చేతులు మార్చుకుంటూ, ఒకే బిగువున, పైకే లెక్కపెడుతున్నారు. డెబ్బై దగ్గర పేగును కోసి, ఒక కొస పైకి తెచ్చి చిన్న సంచికి కలిపారు. ఆ కలిపిన చోటి నుంచి నూట ఇరవై కిందికి పోయి రెండో కొస అతికారు. ఇంగ్లీషు వై అక్షరం ఆకారం. పందొమ్మిదో శతాబ్దం చివర స్విట్జర్లాండు లోజాన్‌లో సీజర్ రూ అనే సర్జన్ కుట్టిన ఆకారమే, ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది. లావు తగ్గడానికి బైపాస్ పనికొస్తుందని 1966లో అమెరికా అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ గ్రహించింది కూడా పుండ్లకు జీర్ణాశయం కోసినవాళ్ళు బరువు పెరగకపోవడం చూసే. కింద మిగిలిన పేగును కూడా ఈయన చివరిదాకా కొలిచారు. అతుకుకు ఆ కొలత అక్కర్లేదు. ఎంత మిగిలిందో తెలియకుండా వదలడం ఆయనకు ఇష్టం లేదు, అంతే.

కుట్లు చేత్తో వేశారు. దారం ప్రతిసారీ ఒకే లోతున దిగుతోంది. బిగిస్తే కోస్తుంది, వదిలితే కారుతుంది. ఆ తర్వాత అక్కర్లేనిదనిపించే పనికి పావుగంట పట్టింది. పేగు పైకి లాగినప్పుడు వెనకాల సందులు ఏర్పడతాయి. మనిషి బక్కచిక్కి లోపలి కొవ్వు కరిగాక, ఎన్నేళ్ళకో, పేగు వాటిలోకి దూరి మెలిపడొచ్చు. వాటిని కరగని దారంతో మూశారు. ఎన్నడూ జరగకపోవచ్చునన్న దాని కోసం ఎవరికీ కనబడని చోట వేసిన కుట్టు. నాకు ఆ వీడియోలో అన్నిటికన్నా నచ్చింది అదే. చివర పొట్టలో నీళ్ళు పోసి, గొట్టంలోంచి గాలి వదిలి, సైకిలు షాపులో ట్యూబు ముంచినట్టు బుడగల కోసం చూశారు. ఒక్కటీ రాలేదు.

లాప్‌టాప్ మూసి, ఇంత బాగా చేయగలిగిన మనిషి, చేయించుకోమని మాత్రం అనలేదు. మొదటి ఆపరేషన్ కన్నా రెండోదానికి లీకు, రక్తస్రావం ముప్పు ఎక్కువని చెప్పారు. "మంట తగ్గుతుందని గట్టిగా చెప్పగలను. బరువు గురించి అంత గట్టిగా చెప్పలేను. బరువొక్కటే అయితే ఈ వీడియో చూపించేవాణ్ణి కాదు." 2025 మార్చిలో మౌంజారో, జూన్లో వెగోవీ మన దేశానికి వచ్చాయని, బరువుకు ముందు ఆ ఇంజెక్షన్లు చూడొచ్చని, ఆపేస్తే బరువు తిరిగి రావచ్చని, నెలనెలా ఖర్చు ఇంట్లో కూర్చుని లెక్కేసుకోమని అన్నారు. బీమా వాళ్ళు మొదటి ఆపరేషన్‌కే బీఎంఐ 40 దాటాలి, లేదా 35 దాటి గుండె జబ్బో, అదుపు తప్పిన షుగరో, నిద్రలో ఊపిరాడని తీవ్రమైన సమస్యో ఉండాలంటారు. వదినది ఇప్పుడు 37 చిల్లర, షుగరు లేదు. ఆ తలుపు మూసినట్టే.

ఆయన పట్టు పట్టింది మాత్రం మాత్రల దగ్గర. బైపాస్ తర్వాత ఐరన్, కాల్షియం, బి12, డి విటమిన్ జీవితాంతం. మొదటి ఆపరేషన్ తర్వాత రాసిచ్చినవి వదిన రెండేళ్ళకే మానేసింది. రక్తం తొమ్మిదికి దిగింది. "వీటినే వేసుకోలేకపోతే నేను ఎంత బాగా కుట్టినా లాభం లేదు. మూడు నెలలు వేసుకుని రండి. తిన్నది తిన్నట్టు, టైముతో సహా, ఒక పుస్తకంలో రాయండి. ఈలోగా మంటకు మాత్ర ఇస్తాను. వద్దనిపిస్తే ఫోన్ చేసి చెప్పండి, చాలు." ఆపరేషన్ బొమ్మను ఎక్స్‌రే కవరు వెనకాల పెన్సిల్‌తో గీసి ఇచ్చారు. రెండు అతుకులకు రెండు చుక్కలు, మూయాల్సిన సందులకు రెండు చిన్న అడ్డగీతలు.

బస్సు చంద్రగిరి దాటాక వదిన ఆ కవరు తీసింది. బొమ్మను తిప్పి తిప్పి చూసింది. "ఇంత పనుండాదా దీంట్లో?" అంది. ఇంకేమీ అనలేదు. కాసేపటికి నా జేబులోంచి పెన్ను లాక్కుని, పుస్తకం లేదు కాబట్టి బొమ్మ పక్క ఖాళీలోనే రాసింది: నాలుగున్నర, బస్టాండు, టీ, రెండు బిస్కెట్లు. నా వైపు ఓసారి చూసింది. రెండు కొట్టేసి నాలుగు అని దిద్దింది.