కలంకారీ: అసలు పేరు, నకలు గుడ్డ

కలంకారీ అనే మాట ఈ మధ్య మన డర్బన్ బట్టల కొట్లలో విరివిగా వినబడుతున్నది. దిండు గలీబు కలంకారీ, చేతిసంచి కలంకారీ, పెండ్లికి వచ్చే చిన్నపిల్లల పావడా కలంకారీ. ధర అడిగితే మామూలు నైలాను గుడ్డ ధరే. తెలుగువారి చేతిపనికి పేరయిన మాట ఇంత దూరాన నలుగురి నోటా వినబడితే సంతోషించవలసినదే. కాని ఆ గుడ్డలలో కలం పట్టిన చెయ్యి లేదు, అచ్చు దిమ్మ అద్దిన చెయ్యీ లేదు. బొమ్మ కలంకారీది, పేరు కలంకారీది, పని మాత్రం యంత్రానిది. గుడ్డల సంగతి బడిపంతుళ్ళకెందుకని కొందరనవచ్చు. సాయంకాలపు తరగతులలో కూర్చుని పెద్దవయసులో గుణింతాలు దిద్దుకున్న వారము మేము. అక్షరం కనబడిన చోట ఆగి చదవడం మాకు అలవాటు. ఈ గుడ్డ మీద అక్షరం ఉన్నది గనుకనే ఈ వ్యాసం.

మన ఉత్సవాలలో ఒకదానికి వేదిక వెనుక కట్టిన పెద్ద తెరను మేము దగ్గరకు పోయి పరిశీలించాము. శ్రీకాళహస్తి పద్ధతిలోని శ్రీరామ పట్టాభిషేకం అది. ఆ పద్ధతిలో గుడ్డకు నడుమ ముఖ్య ఘట్టం పెద్దదిగా ఉంటుంది. చుట్టూ వరుసలు వరుసలుగా గడులు, గడికొక ఘట్టం. ఆ వరుసల పొడుగునా తెలుగులో కథ వ్రాసి ఉంటుంది. గుడిలో వేలాడదీసి, చూపుతూ కథ చెప్పుకోవడానికి పుట్టిన గుడ్డ అది. చూడడానికి ఎంతో చదవడానికీ అంత. మేము చూసిన తెరమీద అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నవి. ఎక్కడో ఎవరో అసలు గుడ్డను ఫొటో తీసి, ఆ ఫొటోను తిరగవేసి అచ్చు కొట్టారన్న మాట. అక్షరాలు తిరగబడితే బొమ్మ మాత్రం తిన్నగా ఉంటుందా? స్వామికి ఎడమ ప్రక్కన ఉండవలసిన సీతమ్మ కుడి ప్రక్కకు పోయింది. అభయమిచ్చే చెయ్యి ఎడమ చెయ్యి అయినది. రంగులు సరేసరి. కాళహస్తి సంప్రదాయంలో దేవతలకు నీలం, స్త్రీలకు పసుపు, రాక్షసులకు ఎరుపు అని ఒక వాడుక ఉన్నది. ఈ తెరమీద రాముడు రాక్షసుల ఎరుపులో వెలిగిపోతున్నాడు.

హాలు నిండా జనం ఉన్నారు, ప్రసంగాలు జరిగినవి, పిల్లలు నాట్యం చేశారు, అందరూ ఆ తెర ముందు నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. అక్షరాలు తిరగబడ్డవని ఒక్కరూ అనలేదు. నకలు కొట్టినవాడికి తెలుగు రాదు. కొన్నవాడికీ రాదు. ఆ ఇద్దరి నడుమ అసలు గుడ్డ వ్రాసిన మనిషి ఎక్కడున్నాడో అడిగేవారు లేరు.

ఆ మనిషి చేసే పని ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, లేకపోతే నకలు ఏమి ఎత్తుకుపోయిందో తెలియదు. ముతక నూలు గుడ్డను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకోవడానికి, పాల కొవ్వు రంగు ప్రక్కకు ప్రాకకుండా ఆపడానికి. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో గీతలు గీస్తారు. వెదురు పుల్లకు ఉన్ని చుట్టి దారంతో బిగించినదే కలం. తుప్పు ఇనుమును బెల్లపు నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టగా వచ్చిన కసరు నీళ్ళలో ఆ కలం ముంచి, ఉన్నిని వ్రేళ్ళతో నొక్కుతూ గీత గీస్తారు. ఆ నీళ్ళు గుడ్డలోని కరక్కాయను తగలగానే గీత నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు పూస్తారు. పూసినప్పుడు దాదాపు ఏమీ కనబడదు. తరువాత గుడ్డను పారే నీటిలో జాడించి, చిరివేరు, మంజిష్ఠ వంటివాటితో ఉడికిస్తే, పటిక ఉన్న చోటనే ఎరుపు నిలుస్తుంది. ఆ తరువాత పసుపు, ఆపైన నీలం. ప్రతి రంగుకూ మళ్ళీ ఉతుకు, మళ్ళీ ఎండ. అంచెలు పదిహేడని కొందరు, ఇరవై మూడని కొందరు లెక్క చెబుతారు. మచిలీపట్నం వైపు, పెడనలో, కలానికి బదులు టేకు దిమ్మలతో అద్దుతారు. రసాయనం మాత్రం ఇంచుమించు ఇదే. అక్కడి పాతవారు దీనిని అద్దకం అనే అంటారు. కలంకారీ పారసీ మాట. కలం లేని అద్దకానికి కలంకారీ పేరేమిటని కాళహస్తివారిలో కొందరు సణుగుతారు. ఆ తగవు ఇంటి తగవు, మనకు వద్దు.

చూడండి, ఈ పనిలో మనిషికి కనబడకుండా ముందే ఊహించుకోవలసినది ఎంత ఉన్నదో. పటిక పూసేటప్పుడు ఎరుపు కళ్ళెదుట లేదు, అతని మనసులో ఉన్నది. అందుచేతనే మంచి కాళహస్తి గుడ్డలో గీత ఒక చోట లావుగా, ఒక చోట సన్నగా, కలంలో రసం అయిపోవస్తున్నప్పుడు కొంచెం పలచగా నడుస్తుంది. ఆ నడకను మేము అందమంటాము. యంత్రపు నకలులో ఆ లావు సన్నాలు కూడా ఉంటవి, ఎందుకంటే అవీ ఫొటోలో పడ్డవి. కాని గడి తరువాత గడిలో అదే చోట అదే పలచదనం మళ్ళీ వస్తే, అది చేతి నడక కాదు, నడకకు తీసిన ముద్ర.

అయితే నకలు అన్నమాట అనగానే ఉగ్గబట్టుకుని తిట్టడం మాకు ఇష్టం లేదు. బొమ్మలు ఇచ్చిపుచ్చుకోవడం ఈ పని పుట్టువులోనే ఉన్నది. పారసీకుల కోసం మచిలీపట్నంవారు సరుగుడు వంటి సైప్రెస్ చెట్లనూ, నమాజు గూళ్ళనూ అద్దారు. డచ్చి, ఇంగ్లీషు కంపెనీలవారు తమ దేశం నుండి నమూనాలు పంపితే వాటిని చూసి అద్దారు. పూలతీగ ఎవరిదని కోర్టుకు పోతే మూడు ఖండాలవారు సాక్షులుగా రావాలి. ఆ గుడ్డ ఐరోపాలో ఎంత చెలామణి అయినదంటే, అక్కడి నేతగాళ్ళను కాపాడడానికి ఫ్రాన్సు 1686లోనూ, ఇంగ్లండు 1700లోనూ, మళ్ళీ 1721లోనూ నిషేధపు చట్టాలు చేయవలసివచ్చింది. నిషేధించినవారే ప్రక్కన నేర్చుకోవడమూ మొదలుపెట్టారు. 1742లో కేర్దూ అనే ఫ్రెంచి జెసూటు పాదిరి, మన తీరపు అద్దకంవారి పని అంతా అంచెలంచెలుగా తమ దేశానికి ఉత్తరం వ్రాసి పంపాడు. ఆ వివరాలు ఆయనకు చెప్పినది ఆయన దగ్గర మతం పుచ్చుకున్న పనివారే. ఈ పాదిరి తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన పండితుడు కూడా. తెలుగుకు ఆయన చేసిన మేలును మేము మరువము; ఆ ఉత్తరాన్నీ మరువము.

కాని ఆనాటి నకలుకూ ఈనాటి నకలుకూ ఒక తేడా ఉన్నది. ఆనాడు పని నేర్చుకున్నారు. కరక్కాయ ఏమి చేస్తుంది, పటిక ఏమి చేస్తుంది అని అడిగి తెలుసుకున్నారు. ఈనాడు అడిగేవాడే లేడు, బొమ్మ చాలు. ప్రదర్శనలో వ్రేలాడదీసిన గుడ్డను చేతిఫోనుతో ఒక్కసారి తీస్తే పని అయిపోయింది.

మరి ఆ చిన్న పనివారు ఏమి చేస్తున్నారు? చట్టాలు లేకపోలేదు. భారతదేశంలో భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చి 2003లో అమలయినది. దాని క్రింద శ్రీకాళహస్తి కలంకారీకీ, మచిలీపట్నం కలంకారీకీ విడివిడిగా గుర్తింపు దొరికినది. ఇది పేరుకు కాపలా, బొమ్మకు కాదు. పేరు వాడకుండా బొమ్మ మాత్రం కొట్టుకునేవాడిని అది పట్టుకోలేదు. బొమ్మకు కాపలా కావాలంటే 2000 నాటి డిజైన్ల చట్టం ఉన్నది. నమోదు చేస్తే 10 ఏండ్లు, పొడిగిస్తే మరి 5 ఏండ్లు. కాని కొత్త డిజైనును బయట ఎవరికీ చూపకముందే దరఖాస్తు పెట్టాలి. సంతలో పరిచి చూపితేనే గదా అన్నం దొరికేది! పోనీ కాపీరైటు అందామంటే, 1957 నాటి ఆ చట్టంలో ఒక చిత్రమైన సెక్షను ఉన్నది: నమోదు చేయదగిన డిజైనును నమోదు చేయకుండా, హక్కుదారు స్వయంగా గాని అతని అనుమతితో మరొకరు గాని పారిశ్రామిక పద్ధతిలో యాభైకి మించి వస్తువులు చేస్తే, కాపీరైటు అంతటితో సరి. చేత్తో అద్దే దిమ్మ పారిశ్రామిక పద్ధతియా కాదా అని వాదించడానికి ఒక వకీలు కావాలి. వకీలు ఫీజుకు ఎన్ని దుప్పట్లు అద్దాలో లెక్క వేసుకున్నవాడు ఊరుకుంటాడు.

ఊరుకోనివారు తమకు తోచిన దారులు త్రొక్కుతున్నారు. కొట్లో ఫొటో తీయనివ్వనివారున్నారు. కొత్త రకం చేస్తే తెలిసిన కొనుగోలుదారుకే చూపేవారున్నారు. గుడ్డ మూలన పేరు వ్రాసేవారున్నారు. ఇది మాకు అన్నిటికంటె నచ్చిన దారి, కథ పొడుగునా అక్షరాలు వ్రాసే చేతికి తన పేరు నాలుగు అక్షరాలు వ్రాయడం కష్టం కాదు. నకలుకు లొంగనంత చిక్కని పని చేసి చూపుదామని, గడిలో గోరంత ఖాళీ లేకుండా నింపేవారూ ఉన్నారు. వారి ఓర్పుకు నమస్కారం, కాని ఆ గుడ్డలు మాకు నచ్చవు. ఊపిరాడని బొమ్మ అది. నకలుగాడి భయం కళను ఎటు తోస్తుందో అందులో తెలుస్తుంది. చివరకు విసిగి తామే స్క్రీను ప్రింటుకు దిగినవారూ లేకపోలేదు. పెడనలోనే దిమ్మల అద్దకం ఒక వీధిలో, స్క్రీను ప్రింటు ప్రక్క వీధిలో. నెలకు ఎన్ని గజాలు అమ్మాడన్నదే ఇంటి బియ్యం తేల్చేటప్పుడు, అతన్ని దొంగ అనడానికి మాకు నోరు రాదు. తన స్క్రీను గుడ్డను స్క్రీను గుడ్డ అని అమ్మితే అతడు నిజాయితీ గల వర్తకుడే.

ఇక్కడ ఒక ముఖ్యమయిన సంగతి. భారతదేశపు ఆ రిజిస్టరు భారతదేశపు ఎల్లల వరకే. సముద్రం దాటి డర్బన్ రేవులో దిగిన మూటను ఆ చట్టం విప్పి చూడదు. ఈ ఒడ్డున పేరుకు కాపలా ఉంటే గింటే కొనే మనిషి కంటిలో ఉండాలి. అది జరిగే పని కాదనేవారికి మన ఇరుగుపొరుగునే చూపుతాము. ష్వేష్వే గుడ్డ మీకు తెలియనిది కాదు. 1840ల కాలంలో ఫ్రెంచి మిషనరీలు బసూతో రాజు మొష్వేష్వేకు కానుకగా ఇచ్చారని, అందుకే ఆ పేరని చెబుతారు. ఐరోపా నుండి వచ్చిన ఆ గుడ్డను జ్విలిత్షాలోని డ గామా మిల్లు 1982 నుండి ఇక్కడనే తయారు చేసింది. దానికీ నకళ్ళు వచ్చినవి. ఐనా ఒక ఖోసా అమ్మగారో, సోతో అమ్మగారో కొట్లోకి వచ్చినప్పుడు చూడండి. కొస పట్టి నలుపుతుంది, గంజి గరగర వింటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. నాలుక కొసకు తగిలించి ఉప్పదనం చూసేవారూ ఉన్నారు. తిరగవేసి వెనుక మూడు పిల్లుల ముద్ర వెదకుతుంది. అప్పుడు గాని పర్సు తీయదు. ఆమెకు చట్టం ఎవరూ చెప్పలేదు. తల్లి ఎలా పట్టి చూసిందో అలా పట్టి చూస్తుంది.

మనకు ఆ చెయ్యి చూపిన తల్లి లేదు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో ఓడ ఈ రేవుకు వచ్చినది మొదలు 1911 దాకా మన పెద్దలు వచ్చినది చెరకు కోయడానికి. ఓడ జాబితాలో ఊరికీ కులానికీ గడి ఉండేది. కాళహస్తి సీమ ఆనాడు చేరి ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లా పేరు ఆ గడులలో చాలాసార్లు వస్తుంది. చేతిలో ఏ పని ఉన్నా, తోట దొరకు కావలసినది కత్తి పట్టే చెయ్యి ఒక్కటే. గుడ్డను నలిపి చూసే నేర్పు అక్కడ తెగిపోయింది. భాష తెగిపోతే తరగతులు పెట్టి కొంత తెచ్చుకున్నాము. ఇదీ తరగతిలో నేర్పదగినదే.

మొన్న మా తరగతిలో ఒక అసలు గుడ్డ ముక్కనూ, ఒక ప్రింటు ముక్కనూ ప్రక్కప్రక్కన పరిచాము. పెద్దగా పాఠమేమీ చెప్పలేదు, తిరగవేసి చూడమన్నాము. అసలు గుడ్డకు రంగు వెనుకకు దిగింది. ప్రింటు వెనుక తెల్లబోయి ఉన్నది. అసలు గుడ్డకు ఇంకా పాల వాసన ఉన్నది. ఒక కుర్రవాడు లేచి, మాస్టారూ, అసలు గుడ్డ మాకు కొనే శక్తి లేదు, నలభై మంది పిల్లల నాట్యానికి ప్రింటే గతి, తప్పా అని అడిగాడు. తప్పు లేదు నాయనా, ప్రింటే కట్టించు, కరపత్రంలో మాత్రం కలంకారీ దుస్తులని వేయకు, అన్నాము. ఆ అమ్మాయిల తల్లులు ఒప్పుకోరండీ అన్నాడు. అది వేరే చర్చ.

ఈ పత్రిక సంపాదకులకు ఒక మనవి. మన పేజీలలోనే ప్రతి ఉగాదికీ కలంకారీ చీరలు చవక ధరలకు అని ప్రకటనలు వస్తున్నవి. ప్రకటన డబ్బు లేనిదే పత్రిక నడవదని మాకు తెలుసు. ప్రకటన తీసుకునేటప్పుడు, వ్రాతపనా, దిమ్మ అద్దకమా, స్క్రీను ప్రింటా, మిషను ప్రింటా అన్న ఒక్క మాట కూడా అడిగి, ధర ప్రక్కనే అచ్చు వేయించండి. వచ్చే ఉగాది సంచికకు ఇంకా వ్యవధి ఉన్నది.