ముళ్లచెట్టు వేరు, ఎర్రకోడె వంశం

దక్షిణ టెక్సస్‌లోని కింగ్ రాంచ్ పేరెత్తితే ముందు వినిపించేది దాని విస్తీర్ణం: 8,25,000 ఎకరాలు. 1853లో రిచర్డ్ కింగ్ అనే పడవ కెప్టెన్ కొన్న బీడుతో అది మొదలైంది. ఒక ముళ్లచెట్టుతో, ఒక పశువుల జాతితో అక్కడివాళ్లు పడిన పాట్లు నాకు అంతకన్నా గొప్పగా కనిపిస్తాయి.

ఆ చెట్టు మెస్కీట్, మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. దాని తియ్యటి కాయలను పశువులు ఇష్టంగా తింటాయి. గట్టి గింజ అరగక పేడతో పాటు బయటపడి, ఆ ఎరువులోనే మొలుస్తుంది. మేసే మందే తన మేతకు శత్రువును నాటుకుంటూ పోతుంది! గొడ్డలితో కొడితే ఇంకా చేటు. చిగురించే మొగ్గలు నేల లోపల, వేరు మొదట్లో దాగి ఉంటాయి. పైన మాను పోగానే అవి మేలుకుంటాయి, ఒక్క చెట్టు ఉన్నచోట గుబురు పొద లేస్తుంది.

అందుకే రూట్ ప్లౌ పుట్టింది. దాన్ని తీర్చిదిద్దడంలో ఈ రాంచ్‌కూ పాలుంది. భారీ ట్రాక్టరు లాగే అడ్డకత్తి సుమారు అడుగు లోతున నడుస్తూ, మొగ్గలకు దిగువన వేరును తెగ్గోస్తుంది. లోపల మిగిలిన వేరుకు ఇక చిగురు వేసే శక్తి ఉండదు. చెట్టు తన ప్రాణం ఎక్కడ దాచుకుందో తెలిసినవాడి పని ఇది. అయితే కత్తి నడిచినచోట పాత గడ్డి కూడా పోతుంది, మళ్లీ విత్తనం చల్లాలి. నాగజెముడు ముక్కలు చెదిరి, పడినచోటల్లా వేళ్లూనుతాయి. కరువు వస్తే మాత్రం ఆ నాగజెముడు ముళ్లను మంటతో కాల్చేసి, దాన్నే పశువులకు మేతగా వేయడం దక్షిణ టెక్సస్ రైతులకు అలవాటు.

పశువుల విషయంలో చిక్కు మరొకటి. ఇంగ్లండు నుంచి వచ్చిన షార్ట్‌హార్న్‌కు మంచి మాంసపు పుష్టి ఉంది కానీ ఆ ఎండకు, పిడుదులకు అది తట్టుకోలేదు. తట్టుకునేది మూపురం ఉన్న బ్రాహ్మన్. గిర్, గుజరాత్ పశువులతో పాటు, విదేశాల్లో నెల్లూరు పేరుతో చలామణీ అయిన మన ఒంగోలు రక్తం కూడా కలిసి అమెరికాలో రూపుకట్టిన జాతి అది. ఈ రెంటినీ కలపడం ఎవరికైనా సాధ్యమే. కలిపాక వచ్చిన గుణాన్ని తరాల తరబడి చెదరకుండా నిలపడమే అసలు కష్టం.

ఈ రాంచ్‌ను నడిపిన రాబర్ట్ క్లెబర్గ్ జూనియర్ దాన్ని చేసి చూపించాడు. 1920లో పుట్టిన ‘మంకీ’ అనే ఎర్రకోడెలో అతనికి కావలసిన గుణాలన్నీ కనిపించాయి. దాన్ని సంకర పెయ్యల మందలో ఆబోతుగా వదిలి, సంతానంలో మేలైనవాటిని ఏరి, వాటిని మళ్లీ ఆ వంశంలోనే కలిపాడు. 1932లో మంకీ చనిపోయేనాటికి పనికొచ్చిన కోడెలే 150కి పైగా దిగాయి. దగ్గరి రక్తం కలిపితే లోపాలూ బయటపడతాయి. వాటిని నిర్దాక్షిణ్యంగా మంద నుంచి తప్పించడానికి చాలా గుండెనిబ్బరం కావాలి. అమెరికా వ్యవసాయ శాఖ 1940లో ఆ జాతిని సాంటా గెర్ట్రూడిస్ పేరుతో గుర్తించింది. లెక్కకు ఎనిమిదింట మూడు వంతులు బ్రాహ్మన్, ఐదు వంతులు షార్ట్‌హార్న్. ముదురెరుపు ఒళ్లు, పొట్టి వెంట్రుకలు, వదులుగా వేలాడే చర్మం, ఎండలోనూ మేత వదలని ఓపిక, ఇవన్నీ ఇప్పటికీ ఆ మందలో కనిపిస్తాయి.