అమన్ మా గల్లీకి మాత్రమేనా?

ఇరుగుపొరుగు పలకరింపులు ఒక్కటే అల్లర్లను ఆపలేవు, వ్యాపారంలో, సంఘాల్లో, పార్టీల్లో రెండు మతాల వాళ్లూ కలిసి ఉన్నచోటే ఆగుతాయి అంటాడు అశుతోష్ వార్ష్నే. 2002లో వచ్చిన తన పుస్తకంలో హైదరాబాద్‌ని లక్నోతో పోల్చాడు. లక్నోలో బట్టల మీద చికన్‌కారీ కుట్టుపని హిందూ వ్యాపారినీ ముస్లిం పనివాళ్లనీ ముడివేసిందట. హైదరాబాద్‌లో ఆయనకి అంత గట్టి ముడి కనపడలేదు.

పనికొచ్చే వాదనే. కానీ ఆ ముడిలో కుట్టే చెయ్యి ఎవరిది, లాభం లెక్కపెట్టే చెయ్యి ఎవరిది? నోరెత్తితే కూలి పోతుందన్న భయాన్ని కూడా శాంతి ఖాతాలో రాస్తే ఎట్లా?

హైదరాబాద్‌లో ఈ ముడివేసే పని చిన్న స్వచ్ఛంద సంస్థల మీద పడింది. 1990 డిసెంబర్ అల్లర్లలో ఇక్కడ వందమందికి పైగా చనిపోయారు. 1992లో బాబ్రీ మసీదు కూల్చారు. పాతబస్తీలో 'కోవా' వంటి సమాఖ్యలు ఆ దశాబ్దంలో వచ్చినవే. వాళ్ల మంచితనాన్ని మేం శంకించడం లేదు. కర్ఫ్యూలో పాలు, మందులు ఎవరు తెచ్చారో గల్లీకి తెలుసు. మా తగువు వేరు. కుట్టుమిషన్ మాకే నేర్పుతారు, సహనమూ మాకే నేర్పుతారు. ఇఫ్తార్‌కి వచ్చి గంగా-జమునా తహజీబ్ గురించీ మాకే చెబుతారు. (వినీ వినీ మాకు ఆ రెండు నదులూ ఎండిపోయాయి.) కత్తి పంచినవాడి వీధిలో శాంతి శిక్షణ పెట్టినవాళ్లని మాత్రం మేమింకా చూడలేదు.

ఉర్దూలో అమన్ వేరు, ఇన్సాఫ్ వేరు. ప్రాజెక్టు కాగితాల్లో శాంతికి చోటుంటుంది, న్యాయానికి ఉండదు. నష్టపరిహారం ఫైలు వెంట తిరగడం ఫోటోకి పనికిరాదు, ఏడాదిలో తేలదు. పైగా కేసు వేస్తే పోలీస్‌స్టేషన్ పీస్ కమిటీలో కుర్చీ పోతుంది. 2002 నాటి వడోదర బెస్ట్ బేకరీ కేసునే చూడండి. సాక్షులు మాట మార్చారు, 2003లో నిందితులు 21 మందీ విడుదలయ్యారు. 2004లో సుప్రీంకోర్టు మహారాష్ట్రలో మళ్లీ విచారించమంది. అంతదాకా రావడానికి మానవ హక్కుల కమిషన్‌తో పాటు ఒక పౌరసంస్థ కూడా కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

ఇప్పుడా పని ఇంకా కష్టం. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. నిధి అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకి ఇవ్వకూడదు. పెద్ద సంస్థ నుంచి నాలుగు రూపాయలు తెచ్చుకుని గల్లీలో నడిచే సంస్థకి ఆ దారి మూసుకుంది. నిర్వహణ ఖర్చుని సగం నుంచి 20 శాతానికి దించారు. వకీలు ఫీజు ఆ లెక్కలోకే వస్తుంది!

ఇక మిగిలింది బస్తీ చందా. దాంతో నాలుగు రోజులు బియ్యం పంచొచ్చు. ఏళ్ల తరబడి సాగే కేసుకి వకీలుని పెట్టాలంటే, లౌకిక మిత్రులు సద్భావన వేదిక దిగి తమ వీధిలో కూడా చందా పుస్తకం పట్టుకుని తిరగాలి.